ఏ సీసాలో తెచ్చావని అడిగింది ఆమె ఒక్కతే

పిల్లలు పుట్టని ఆడదానికి మా జిల్లాలో ఒక పేరుంది. దాన్ని ఇక్కడ రాయను. పదేళ్ళు మా వాకిట్లో నిలబడి ఆ పేరు పలికినవాళ్ళలో కొందరు ఇంకా బతికే ఉన్నారు, వాళ్ళకు గుర్తుంటుంది. పిల్లలు పుట్టించలేని మగవాడికి మాత్రం పేరు లేదు. నేను ఉర్దూలో వెతికాను, తెలుగులో వెతికాను. ఉన్న ఒకటి రెండు మాటలు వేరే లోపానివి. కాపురం సరిగ్గా చేస్తూ, ఒళ్ళు గట్టిగా ఉండి, లోపల మాత్రం బలహీనమైనవాడిని ఏమనాలో ఎవరూ ఆలోచించలేదు. పేరు లేదు కాబట్టి ఆ జబ్బే లేదనుకున్నారు. ఉంది. నాకు వచ్చింది, నయమూ అయింది. నాకిప్పుడు డెబ్బై దాటాయి, సిగ్గుపడే వయసు అయిపోయింది. అందుకే రాస్తున్నాను.

1956లో నేను బోధన్‌లో చెరకు ఫ్యాక్టరీ లాబులో చేరాను. నా బడి చదువు నాలుగో జమాతుతో ఆగింది, అదీ ఉర్దూలో. తెలుగు అక్షరాలు కిరాణా దుకాణం పొట్లాల మీద నేర్చుకున్నాను. ఇంగ్లీషు లాబు సీసాల మీది చీటీలే నేర్పాయి. పని రసం నమూనాలు తేవడం. మిల్లు కింద పారే రసాన్ని గంటకోసారి సీసాలో పట్టాలి. తర్వాత పాకం ఉడికే పాన్‌హౌస్‌లోకి పోయి, ఆవిరి మధ్య నిలబడి అక్కడి నమూనా తీయాలి. చెరకు ఆడే క్రషింగు నెలల్లో రోజుకు సగం షిఫ్టు ఆ పెనాల పక్కనే గడిచేది. వేసుకున్న చొక్కా పిండితే నీళ్ళు కారేవి.

చెరకు రసం తొందరగా పులుస్తుంది. పులిస్తే లాబు చెప్పే లెక్కంతా తప్పు. అందుకని కడిగి ఆరబెట్టిన సీసాల్లో ముందుగానే నాలుగు చుక్కలు ఫార్మలిన్ మందు వేసి, బిరడా బిగించి, అరలో వరసగా పెట్టేవాళ్ళం. రసం పట్టాక సీసాకు తడిగుడ్డ చుట్టి చల్లగా తెచ్చేవాళ్ళం. నేను తెచ్చిన నమూనా చెడిపోయిందన్న మాట నా నౌకరీలో ఎన్నడూ రాలేదు. ఆ సంగతి నలుగురికీ చెప్పుకునేవాణ్ణి. ఆ గర్వం నాకు ఎంత చేటు చేసిందో ముందుముందు చెబుతాను.

అప్పటికి నాకు పెళ్ళయి మూడేళ్ళు. నా భార్య సాయవ్వది ధర్పల్లి. ఆమె తండ్రి పసుపు పండించే కాపు. మా అవ్వ, అంటే నన్ను కన్నతల్లి, మాతోనే ఉండేది. మొదటి ఏడు ఊరుకుంది. రెండో ఏడు నుంచి కోడలిని ఎక్కని గుడి లేదు, మునగని నీళ్ళు లేవన్నట్టు తిప్పింది. కందకుర్తిలో గోదావరి, మంజీర కలిసేచోట మాఘమాసం చలిలో ముంచి లేపింది. ఇందల్వాయి దగ్గర ఎవరో వేర్లు నూరి పోస్తారంటే తీసుకెళ్ళి తాగించింది. ఆ వేరు మందుకు సాయవ్వ మూడు రోజులు వాంతులు చేసుకుంది. ఆ మందిచ్చినవాడుగాని, తాయెత్తు కట్టినవాడుగాని, నాడి చూసిన వైద్యుడుగాని ఒక్కసారి నా వైపు తల తిప్పలేదు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. తువ్వాలు పట్టుకుని.

1958లో నిజామాబాద్‌లో ఒక దవాఖానలో మొదటిసారి ఒకరు నా వైపు చూశారు. ముసలి కంపౌండరు. "ఆమెను కొయ్యుడు, గీకుడు తర్వాత. ముందుగాల నీ వీర్యం పరీక్ష చేపిద్దాం. రెండు గంటల లోపల తెచ్చియ్యి" అన్నాడు. నాకు కోపం వచ్చింది. దారి పొడుగునా ఆ కోపం అట్లాగే ఉంది. ఇంటికి చేరేసరికి భయంగా మారింది.

నమూనా తేవడం నాకు కొత్త పనా? లాబు అరలోంచి ఒక సీసా తెచ్చాను. మా ఇంట్లో ఉన్న ఏ గిన్నెకన్నా, ఏ డబ్బాకన్నా అది శుభ్రమైనది. అందులో మందు చుక్కలున్నాయని నాకు తెలుసు. ఉంటే మంచిదే, చెడిపోకుండా ఉంటుందనుకున్నాను. తడిగుడ్డ చుట్టాను. బస్సులో ఒళ్ళో పెట్టుకుని, ఎవరి మోచేయీ తగలకుండా నిజామాబాద్ చేర్చాను. ఆ దవాఖాన బల్ల మీద కూర్చున్నంతసేపూ, ఇంత జాగ్రత్తగా తెచ్చిన మనిషిని వీళ్ళు చూసి ఉండరని లోలోపల అనుకున్నాను కూడా.

కాగితం చేతికిచ్చిన మనిషి నా మొహం చూడలేదు. "కదలిక లేదు. అన్నీ చచ్చినయే" అన్నాడు. వెనుక వరసలో ఉన్నవాడు ముందుకు జరిగాడు. అంతే. అతను ఉన్నదే చెప్పాడు, అతని మీద నాకు కోపం లేదు. కానీ ఒక మనిషి వంశం అయిపోయిందని చెప్పేముందు ఒక్క ప్రశ్న అడగవద్దా? ఎట్లా తెచ్చావు, ఎందులో తెచ్చావు? మాకు పిల్లలు లేరని పాతిక మంది లెక్కలేనన్ని మాటలన్నారు. ఆ ఒక్క మాట ఒక్కరూ అడగలేదు.

కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా లోపలి జేబులో దాచాను. ఇంటికి పోయి చెప్పలేదు.

తర్వాత మూడేళ్ళు నా బతుకులో నేను సిగ్గుపడే కాలం. అవ్వ నాకు రెండో పెళ్ళి మాట ఎత్తింది. వద్దన్నాను. చేసుకున్నా లాభం లేదని జేబులో కాగితం చెబుతోంది కదా. కానీ లోకం దాన్ని ఇంకో రకంగా చదివింది. "గంగారాం అసుంటి మొగడు దొర్కడు. గొడ్డు పోయిన పెండ్లాన్ని గూడ ఇడిషిపెట్టడు" అని మెచ్చుకున్నారు. చూశారా, రాయనన్న పేరు నా చేతే సగం రాయించారు! నేను తల వంచుకుని ఆ మెప్పు తీసుకున్నాను. సాయవ్వ కూడా నమ్మింది. నేను అన్నానికి కూర్చుంటే విసనకర్ర తీసుకుని పక్కన కూర్చునేది. ఆ గాలి నాకు వడగాలిలా తగిలేది.

ఆ రోజుల్లోనే నాకు ఎడమ పక్క గజ్జల్లో బరువుగా లాగడం ఎక్కువైంది. షిఫ్టు చివరికి కాలు ఎత్తి వేయలేకపోయేవాణ్ణి. పాన్‌హౌస్‌లో పాకం చూసే యూసుఫ్ భాయ్ కనిపెట్టాడు.

"ఏం మియా, గట్ల నడుస్తున్నవ్? ముసలోనివైనవా?"

"బరువెత్తిన భాయ్, నరం పట్టింది."

"నీ సీస బరువెంత? పావుసేరు. నాకు జెప్తవా?" అని, ఇంకేమీ అడగకుండా, ఆ సీజనంతా పెనాల దగ్గరి నమూనా తనే తీసి గడప దాకా తెచ్చి ఇచ్చేవాడు. ఇట్లాంటి మనుషులు ఉన్నందుకే నేను బోధన్‌ను తిట్టను.

1961. క్రషింగు మొదలయ్యే ముందు సాయవ్వ నాకు చెప్పకుండా ధర్పల్లికి కబురు పెట్టింది. తన చెల్లెలిని నాకిచ్చి చేయమని. వాళ్ళ బాపు మంచి రోజు చూసుకుని వారంలో వస్తానన్నాడట. ఆ సంగతి ఆమే చెప్పింది, చాటలో బియ్యం చెరుగుతూ, కూరలో ఉప్పు సంగతి చెప్పినట్టు.

"పరాయిది వచ్చుడు కన్న నా చెల్లె నయం గదా. నన్ను ఎల్లగొట్టది."

ఇంకొక ఆడపిల్ల కూడా ఆ నీళ్ళల్లో మునగాలన్నమాట. ఇంకొకతె కూడా ఆ వేరు తాగాలన్నమాట. లోపలికి పోయి కాగితం తెచ్చి చాటలో పెట్టాను.

"ఇదేంది?"

"నాది. మూడేండ్ల కిందటిది. నీల లోపమేం లేదు సాయవ్వా. నాల్నే ఉన్నది. అన్ని సచ్చినయట."

ఆమె కాగితాన్ని ముట్టుకోలేదు. కాసేపు బియ్యంలో రాళ్ళు ఏరింది.

"మూడేండ్లా?"

"ఆ."

"మొన్న మాగమాసంల కందకుర్తిల మునిగింది ఎవలు?"

"నువ్వే."

"జేబుల కాయితం పెట్టుకొని ఒడ్డు మీద తువ్వాల వట్టుకొని నిలవడ్డది ఎవలు?"

చాట వచ్చి గోడకు తగిలింది. బియ్యం ఇల్లంతా చెదిరాయి. వంటింట్లోంచి అవ్వ "ఏమైందే?" అని అరిస్తే, "నీ కొడుకు పిల్లగాండ్ల లెక్క ఆడుతుండు" అని చెప్పి బయటికి పోయింది.

రెండు రోజులు అన్నం పెట్టేది, పళ్ళెం నేలకు గట్టిగా తగిలేది. మూడో రోజు మధ్యాహ్నం పళ్ళెం మెల్లగా పెట్టి ఎదురుగా కూర్చుంది.

"ఏ సీసల వట్కపోయినవ్?"

"ఏంది?"

"నిజాంబాదుకు. ఏ సీసల వోసుకొని పోయినవంటున్న."

"లాబుల సీసనే. సాఫుగుంటదని."

"మందు సుక్కలేస్తరు సూడు, గా సీసనా?"

"ఆ, చెడిపోకుంట ఉంటదని..."

"పోయినేడు నూనె వోస్కుంటనంటే నా చేతులకెల్లి గా సీస గుంజుకున్నవ్. ఏమన్నవ్ అప్పుడు? దీంట్ల మందుంటది, పురుగు గూడ బతకది అన్లే?"

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"పురుగు బతకని సీసల గవ్వెట్ల బతుకుతయ్? మూడేండ్ల సంది ఏడుస్తున్నవ్, గీ ముచ్చట తెల్వదా నీకు? ఇంగిలీసు సదువుతవు గదా!"

అక్షరం ముక్క రాని మనిషి అడిగింది. రసాన్ని పులియబెట్టే క్రిములను చంపడానికే ఆ మందు వేస్తామని నాకు తెలుసు. కొత్తగా వచ్చినవాళ్ళకు నేనే చెప్పేవాణ్ణి. చంపే మందులో ప్రాణమున్న వాటిని పోసి, చచ్చాయని కాగితం తెచ్చుకుని, మూడేళ్ళు సంతాపం చేశాను. నాకు నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది. సాయవ్వకు మాత్రం రెండూ రాలేదు. లేచి, "ధర్పల్లికి చెప్పి పంపు. మా బాపును రావద్దను" అంది.

ఆ నెలలోనే నిజామాబాద్‌లో కొత్తగా దవాఖాన పెట్టిన మరాఠీ డాక్టర్ బాయి దగ్గరికి పోయాం. వరండా నిండా నిండు నెలల ఆడవాళ్ళు. వాళ్ళ మధ్య బల్ల మీద నేనొక్కణ్ణే మగవాణ్ణి. పక్కనున్నామె పైకీ కిందికీ చూసి, "ఏందన్నా, నీకెన్నో నెల?" అంది. వరండా అంతా నవ్వింది. సాయవ్వ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మూడేళ్ళలో ఆమె నవ్వు వినడం అదే మొదలు. ఆ పరాచికం ఆడిన తల్లికి ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

బాయి నా పాత కాగితం చూసింది, సీసా కథ విన్నది, నుదురు కొట్టుకుంది. ఈసారి అక్కడే, ఆమె ఇచ్చిన పొడి గాజు గిన్నెలోనే. దాన్ని అరచేతిలో మూసి వెచ్చగా తెమ్మంది. తడిగుడ్డ వద్దంది. సూక్ష్మదర్శినిలోకి చాలాసేపు చూసి, "అరే, జిందా ఉన్నరు! పర్ తాకత్ లేదు. నువ్వే చూడు" అంది. బతికే ఉన్నాయి, సత్తువే లేదట.

చూశాను. వెలుగు గుండ్రంలో తల ఒకటి, తోక ఒకటి ఉన్న చిన్న ప్రాణులు. సగం పడి ఉన్నాయి. కొన్ని మడ్డిలో కాలు ఇరుక్కున్న చీమల్లా ఉన్నచోటే కొట్టుకుంటున్నాయి. కొన్ని గిర్రున తిరిగినచోటే తిరుగుతున్నాయి. ఏవో నాలుగైదు మాత్రం తోక ఝాడించి సూటిగా గుండ్రం దాటి వెళ్ళిపోయాయి. "పోతున్నయ్, పోతున్నయ్!" అని అరిచాను. బాయి సాయవ్వను కూడా చూడమంది. ఆమె ఒక కన్ను మూసి చూసి, తల ఎత్తి, "గిదేనా? గింతేనా? గింత దానికా నన్ను ఇన్నేండ్లు ఏడిపిచ్చిండ్రు?" అంది.

గజ్జల్లో లాగుడు సంగతి అప్పుడు చెప్పాను. ఇంకో డాక్టరు పరీక్షించి, వృషణాల సంచిలో నరాలు ఉబ్బి ముడులు పడ్డాయని, నెత్తురు అక్కడే నిలిచి వేడెక్కుతోందని, దానికి పాన్‌హౌస్ ఆవిరి తోడైందని చెప్పాడు. దేవుడు ఆ భాగాన్ని ఒంటికి వెలుపల వేలాడదీసింది చల్లగా ఉండడానికేనట. నేను ఏళ్ళ తరబడి దాన్ని పాకంతో పాటు ఉడకబెట్టానన్నమాట.

1962 ఎండాకాలంలో హైదరాబాద్ పెద్దాసుపత్రిలో కోత. కత్తి గురించి నాకు గుర్తున్నది తక్కువ. వార్డు గుర్తుంది. పక్క మంచంలో తాటిచెట్టు మీదినుంచి పడి తుంటి విరిగిన గౌడు తాత ఉండేవాడు. "నీకేం విరిగింది కొడుకా?" అంటే ఏం చెప్పాలో తెలియక "నరం" అన్నాను. "నరమే గదా, మనిషి మంచిగనే ఉన్నడు" అని, తన కోసం తెచ్చిన బత్తాయిల్లో సగం నా వైపు దొర్లించాడు. వారం రోజులు సాయవ్వ నేల మీద పడుకుంది. నరం కోత అని మాత్రమే తెలిసిన అవ్వ, కొడుకు మీద కత్తి పెట్టించింది కోడలేనని ఊళ్ళో తిట్టింది. అది సాయవ్వ దాకా చేరింది. అవ్వకు నిజం చెబుతానని నేనంటే, "ఇప్పుడొద్దు. చెప్పే రోజు నేను జెప్త" అంది. తిరిగి వచ్చేసరికి యూసుఫ్ భాయ్ ఎవరెవరినో బతిమాలి నన్ను చెరకు యార్డుకు మార్పించాడు. ఆవిరి పోయింది, పైన ఆకాశం వచ్చింది.

కొత్తవి తయారు కావడానికి మూడు నెలలకు దగ్గర పడుతుందని, అప్పటిదాకా కంగారు వద్దని బాయి చెప్పింది. ఆ ఖాళీలో ఆమె దగ్గరి పాత వైద్య పుస్తకం ఒకటి అడిగి తెచ్చుకున్నాను. నిఘంటువు పక్కన పెట్టుకుని, ముక్క ముక్క చదివాను. చదివినకొద్దీ కోపం వచ్చింది. మగవాడు విత్తనం, ఆడది పొలం అని పురాణం చెప్పేవాళ్ళ దగ్గరనుంచి చాయ్ దుకాణం దాకా అందరూ అంటారు. పొలం కదలదు. ఆడదాని ఒళ్ళు కదులుతుంది! నెలలో ఎక్కువ రోజులు గర్భాశయం వాకిలి చిక్కటి జిగురుతో మూసి ఉంటుంది, తలకొట్టుకున్నా దారివ్వదు. గుడ్డు విడుదలయ్యే ముందు నాలుగైదు రోజులు మాత్రం ఆ జిగురు పల్చబడి, తేటగా, తీగలా సాగి దారి వేస్తుంది. నీరసించినవి గడప దగ్గరే పడిపోతాయి. లోపలికి పోయినవాటికి అక్కడి మడతల్లో నిలువ నీడ దొరుకుతుంది, గర్భాశయం సన్నగా అలలు కొట్టి ముందుకు తోస్తుంది. అక్కడ కొంతసేపు గడిపితే తప్ప వాటికి గుడ్డులోకి చొరబడే సత్తువే రాదు. ఇన్ని చేసే ఒంటిని పట్టుకుని బీడు అన్నారు.

ఆ రోజులను ఎట్లా పోల్చుకోవాలో బాయి సాయవ్వకు బొటనవేలు, చూపుడువేలు కలిపి మెల్లగా విడదీసి చూపించింది. నేను నిర్ఘాంతపోయాను. యూసుఫ్ భాయ్ పెనం దగ్గర పాకం పదును చూసేది సరిగ్గా అట్లాగే. వేళ్ళ మధ్య తీగ తెగకుండా సాగితే పాకం వచ్చినట్టు.

"తీగపాకమా?" అన్నాను.

"గదే. నాకు తెల్వని పాకమా?" అంది సాయవ్వ. బాయికి అర్థం కాలేదు. మేమిద్దరం నవ్వుకున్నాం.

వర్షాలు వెనకబట్టాక ఒకనాడు సాయవ్వ "పాకం వచ్చింది" అని చెప్పింది. బాయి ముందే చెప్పినట్టు ఆ రాత్రి కలిసి, మర్నాడు పొద్దున్నే మొదటి బస్సుకు నిజామాబాద్ పోయాం. బాయి ఈసారి నాది చూడలేదు. సాయవ్వ గర్భాశయం వాకిలి దగ్గరి జిగురు చుక్క తీసి గాజు పలక మీద పెట్టి సూక్ష్మదర్శినిలో చూసింది. చూస్తూ చూస్తూ మరాఠీలో ఏదో అంది. తర్వాత పక్కకు జరిగింది.

నేను చూసింది ఇప్పటికీ కళ్ళ ముందు ఉంది. గిరగిర తిరగడం లేదు, కొట్టుకోవడం లేదు. క్రషింగు రోజుల్లో ఫ్యాక్టరీ గేటు ముందు చెరకు బండ్లు ఒకదాని వెనుక ఒకటి కట్టినట్టు, వరసలు. తేటగా ఉన్న ఆ దారిలో ఒకటే వైపు, సూటిగా, తొందరగా. నా ఒంట్లోనివి ఆమె ఒంట్లో బతికి నడుస్తున్నాయి. అన్నీ చచ్చినవే అన్న కాగితం ఇంకా నా జేబులోనే ఉంది.

మరో మూడు నెలలకు సాయవ్వ నెల తప్పింది. భయం అప్పుడు మొదలైంది, అది వేరే కథ, చివరికి మంచి కథ. 1963లో, క్రషింగు మొదలయ్యే ముందర, ఆడపిల్ల పుట్టింది. ఏడ్చింది. ఇల్లంతా వినబడేట్టు ఏడ్చింది.

తొట్టెలలో వేసే రోజు చుట్టాలంతా వచ్చారు. ఏ పేరు రాయనన్నానో ఆ పేరు పలికిన నోళ్ళన్నీ బూరెలు తింటున్నాయి. అవ్వ మురిసిపోతూ, "నా మొక్కులు ఊకె పోలే. కందకుర్తి గంగమ్మ కండ్లు తెరిచింది" అంది. సాయవ్వ నా వైపు చూసి తల ఊపింది. చెప్పే రోజు అదేనన్నమాట.

లేచి నిలబడ్డాను. జేబులోంచి కాగితం తీసి గట్టిగా చదివాను. లోపం నాదని, నాకు కోత పడింది అందుకేనని, మూడేళ్ళు దాచింది నేనని చెప్పాను. బూరెలు తినే చేతులు ఆగాయి. ధర్పల్లి నుంచి వచ్చిన మా మామ కండువాతో మొహం తుడుచుకున్నాడు. అవ్వ లేచి, కోడలి దగ్గర కూర్చుని, ఆమె పాదాల వేళ్ళు పట్టుకుని, "సలి నీళ్ళల్ల ముంచిన గదనే బిడ్డా" అంది. సాయవ్వ ఆ చేతులు తీసి తొట్టెల తాడు మీద పెట్టింది. "ఊపు అవ్వా. నీ మనుమరాలు ఏడుస్తుంది" అంది.

పిల్లకు జయ అని పేరు పెట్టాం. ఇంకేం పెడతాం?

ఆ తర్వాత కాలం సాఫీగా గడిచింది. 1974లో, యార్డులో నా కింద పనిచేసే పెళ్ళైన మనిషి ఒకడు, ముప్ఫై దగ్గర పడ్డవాడు, ఆదివారం పూట మా ఇంటికి వచ్చాడు. చొక్కా లోపలి జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. మడతలు చూడగానే నాకు అర్థమైంది. భార్యను పుట్టింటికి పంపేస్తున్నానని, ఆమెనైనా వేరే పెళ్ళి చేసుకొమ్మంటానని చెప్పాడు. నేను మంచి మాటల కోసం వెతుక్కుంటున్నాను. పుస్తకంలో చదివినవన్నీ నాలుక చివర ఉన్నాయి.

వంటింటి గడప దగ్గర నిలబడి సాయవ్వ అంతా విన్నది. చేతులు తుడుచుకుంటూ వచ్చి అతని ముందర కూర్చుంది.

"గవన్ని తర్వాత జెప్పు గని తమ్మీ, ఏ సీసల వట్కపోయినవ్?"